డాన్‌కు దక్కని వీడ్కోలు

ఇరవై ఏళ్ళకు పైగా నేను రెండు మూడేళ్ళకొకసారి ‘రోజాన్’ ధారావాహికను మొదటి ఎపిసోడ్ నుంచి చూస్తూ వస్తున్నాను. ప్రతిసారీ ఎనిమిదో సీజన్ దాకా విడవకుండా చూసి, తొమ్మిదో సీజన్ దగ్గరికి వచ్చేసరికి మనసొప్పక నాలుగైదు నెలలు పక్కన పెట్టేస్తాను. ఆ తరువాత మధ్యలో ఉన్నవన్నీ దాటేసి చివరి ఎపిసోడ్ ఒక్కటీ చూస్తాను. వయసు పెరిగింది కదా, ఈసారైనా అందులో నాకు ఇంతకాలం కనబడని మంచి కనబడుతుందేమోనన్న ఆశ నన్ను వదలలేదు. గత వారం మళ్ళీ చూశాను. మంచి కొంత కనబడింది, బాధ మాత్రం తగ్గలేదు. ఆ బాధకు కారణం ఏమిటో ఇన్నేళ్ళూ నాకు నేనే సరిగ్గా చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

తెలియని వారి కోసం ముందుగా కొంత చెప్పాలి. అమెరికాలోని ఏబీసీ ఛానెల్‌లో 1988 అక్టోబర్ 18న మొదలై, తొమ్మిది సీజన్లు నడిచి, 1997 మే 20న ముగిసిన ఈ సిట్‌కామ్ (హాస్య ధారావాహిక), ఇల్లినాయ్ రాష్ట్రంలో లాన్‌ఫర్డ్ అనే కల్పిత పట్టణంలో బతుకుతున్న కానర్ కుటుంబం కథ. ఇంటి ఇల్లాలు రోజాన్ మొదట్లో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. భర్త డాన్ ఇళ్ళ లోపలి గోడలకు పలకలు బిగించే పని కాంట్రాక్టుకు తీసుకుంటాడు, అది దొరికిన నెల దొరుకుతుంది, దొరకని నెల దొరకదు. వాళ్ళకు బెకీ, డార్లీన్, డీజే అని ముగ్గురు పిల్లలు. రోజాన్ చెల్లెలు జాకీ పేరుకు వేరే ఇంట్లో ఉన్నా పొద్దు గడిపేది మాత్రం అక్క వంటింట్లోనే. రోజాన్‌గా రోజాన్ బార్, డాన్‌గా జాన్ గుడ్‌మన్, డార్లీన్‌గా సారా గిల్బర్ట్, జాకీగా లారీ మెట్‌కాఫ్ నటించారు. మెట్‌కాఫ్‌కు ఈ పాత్ర 1992, 1993, 1994లలో వరుసగా మూడు ఎమ్మీ టెలివిజన్ పురస్కారాలు తెచ్చిపెట్టింది. 1989-90 సీజన్‌లో ఇది అమెరికాలో ఎక్కువమంది చూసిన కార్యక్రమాల జాబితాలో అగ్రస్థానంలో నిలిచింది.

అంత ఆదరణకు కారణం ఆ ఇల్లు. అప్పటి టెలివిజన్ కుటుంబాల ఇళ్ళలో తండ్రి డాక్టరో లాయరో అయి ఉండేవాడు, సోఫా మీద ముడత కూడా కనబడేది కాదు. కానర్ల సోఫా నలిగిపోయి ఉంటుంది, దాని వీపు మీద రంగురంగుల చదరాలతో అల్లిన ఊలు దుప్పటి ఒకటి తొమ్మిదేళ్ళూ అలాగే పడి ఉంటుంది. మొదటి ఎపిసోడ్‌లోనే వంటింటి సింకు పూడుకుపోయి ఉంటుంది, డాన్ దాన్ని బాగుచేయవలసి ఉంటుంది, డార్లీన్ క్లాసులో కుక్కలా మొరుగుతోందని టీచర్ పిలిపించినందువల్ల రోజాన్ ఫ్యాక్టరీలో గంట ముందుగా సెలవడిగి పరుగెత్తవలసి వస్తుంది. మొదటి సీజన్ ముగిసేసరికి కొత్త అధికారి ఉత్పత్తి కోటా పెంచి, ఇచ్చిన మాట తప్పితే, రోజాన్, జాకీ, వారి తోటి ఆడవాళ్ళు పని వదిలేసి బయటికి నడుస్తారు. ఆ నడక ఫలితం తరువాతి ఏళ్ళన్నిటా కనబడుతుంది: రోజాన్ ఫోన్‌లో వస్తువులు అమ్ముతుంది, కోడిమాంసం వేపుడు దుకాణంలో నిలబడుతుంది, బ్యూటీ పార్లర్‌లో కింద రాలిన జుట్టు ఊడుస్తుంది, డిపార్ట్‌మెంట్ స్టోర్‌లోని చిన్న హోటల్‌లో వడ్డిస్తుంది. డాన్ ఎన్నో ఆశలతో మోటార్‌సైకిళ్ళ దుకాణం తెరిచి మూసేస్తాడు. బిల్లు కట్టలేక ఇంట్లో కరెంటు పోతుంది. నవ్వించే కార్యక్రమమే, కానీ డబ్బు విషయంలో అది ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

నేను దీన్ని మొదటిసారి చూసింది 2001 చివరి నెలల్లో. మేము అప్పుడు పియోరియాలో ఉండేవాళ్ళం, అదీ ఇల్లినాయ్‌లోని ఊరే. ఆ ఏడాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు గుంపులుగా పోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా వారు ప్రాజెక్టు దొరకక బెంచ్ మీద ఉన్నారు, నాది భర్త వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా కాబట్టి నేను పని చేయడానికి వీల్లేదు. రాత్రి పది దాటాక ఒక ఛానెల్‌లో ఈ పాత ఎపిసోడ్లు వరుసగా రెండు వేసేవారు. వంటింటి బల్ల మీద బిల్లులన్నీ పరిచి, ఈ నెల దేన్ని కట్టాలి, దేన్ని వచ్చే నెలకు తోయాలి అని డాన్, రోజాన్ మాట్లాడుకునే దృశ్యం చూసిన రాత్రి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్న గుంటూరులో ఒక జూట్ మిల్లులో పనిచేసేవారు. లాకౌట్ పడిన నెలల్లో అమ్మ కొట్టు ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని పాలవాడికి సగం, పచారీ కొట్టుకు సగం, ఇంటి అద్దెకు ఇంకో వారం గడువు అని లెక్క కట్టేది, నాన్న దానికేదో ఛలోక్తి విసిరేవారు, అమ్మ కోపంగానే నవ్వేది. అమెరికాలో నాకు తెలిసినట్టనిపించిన మొదటి ఇల్లు కానర్లదే.

నేను ఈ ధారావాహికను అంతగా నమ్మడానికి కారణమైన ఎపిసోడ్ ఐదో సీజన్‌లో, 1993లో ప్రసారమైంది. రోజాన్, జాకీల తండ్రి చనిపోతాడు. చిన్నప్పుడు వాళ్ళను కొట్టినవాడు, తల్లిని మోసగించినవాడు. అందరికీ కబురు చెప్పే పని జాకీ మీద పడుతుంది. అవతల ఫోన్‌లో ఉన్న పెద్దావిడకు సరిగ్గా వినపడదు. జాకీ ముందు మర్యాదగా ‘నాన్న కాలం చేశాడు’ అంటుంది, ఆవిడకు వినపడదు, ఇంకోలా చెబుతుంది, వినపడదు, చివరికి ‘నాన్న చచ్చిపోయాడు!’ అని గొంతు చించుకుని అరవవలసి వస్తుంది, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఇక ఏమీ చేయలేక ‘నాన్న బాగానే ఉన్నాడు, నిన్ను అడిగానని చెప్పమన్నాడు’ అని ఫోన్ పెట్టేస్తుంది. మెట్‌కాఫ్ చేసిన ఆ దృశ్యం టెలివిజన్ హాస్యంలో ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. దాని తరువాతి భాగం గురించి మాత్రం అంతగా ఎవరూ మాట్లాడరు. తండ్రి శవపేటిక దగ్గరికి వెళ్ళనని మొండికేసిన రోజాన్ చివరికి ఒంటరిగా వెళ్ళి, ఆయన మీద తనకున్న ఆరోపణలన్నీ ఒక కాగితం మీద రాసుకుని వచ్చి, ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంది. హాస్యం ఆయన నుంచే వచ్చిందని కృతజ్ఞత చెబుతుంది. తన స్వార్థం కోసమే క్షమిస్తున్నానని కూడా చెబుతుంది. మా నాన్న పోయిన సంగతి నాకు అర్ధరాత్రి ఫోన్‌లోనే తెలిసింది. గుంటూరు నుంచి తమ్ముడు చేసిన ఆ ఫోన్‌లో లైను సరిగ్గా లేక, వాడు అదే మాట మూడుసార్లు అరవవలసి వచ్చింది. వాణ్ణి అలా అరిపించినందుకు నాకు ఎన్నో ఏళ్ళు అపరాధ భావన ఉండేది. జాకీని చూశాక అది కొంత తేలికపడింది. మరణాన్ని ఈ ధారావాహిక ఎంత నిజాయితీగా చూపగలదో నాకు తెలుసు. చివరి ఎపిసోడ్ మీద నా ఫిర్యాదంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

తొమ్మిదో సీజన్‌లో కానర్లకు ఇల్లినాయ్ లాటరీలో 10 కోట్ల 80 లక్షల డాలర్లు తగులుతాయి. ఆ తరువాతి కథ గురించి పొడుగ్గా రాయాలని లేదు. రైలులో ఉగ్రవాదులతో రోజాన్ పోరాడుతుంది, జాకీ వెంట ఒక రాకుమారుడు పడతాడు, స్పాలు, విందులు, న్యూయార్క్ గొప్పింటివాళ్ళు వస్తారు. జాన్ గుడ్‌మన్ సినిమాల పనుల వల్ల చాలా ఎపిసోడ్లలో కనబడడు. కథలో మాత్రం తల్లిని చూసుకోవడానికి డాన్ కాలిఫోర్నియా వెళ్ళాడని, అక్కడ ఆవిడకు సేవ చేసే నర్సుకు మనసిచ్చాడని చెబుతారు. డబ్బు విషయంలో అబద్ధం చెప్పని ఇంటికి డబ్బే అబద్ధంగా వచ్చి పడింది. చూసేవాళ్ళకు కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక చివరి ఎపిసోడ్. నెలలు నిండకుండా పుట్టిన డార్లీన్ కూతురు హారిస్‌ను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తారు. అందరూ వస్తారు, బల్ల చుట్టూ కూర్చుంటారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. చాలాకాలం తరువాత ఆ ఇల్లు మళ్ళీ ఆ ఇల్లులా కనబడుతుంది. అప్పుడు రోజాన్ గొంతు తెర వెనుక నుంచి వినబడడం మొదలవుతుంది. మనం ఇప్పటిదాకా చూసింది ఆమె రాసిన పుస్తకమట. తొలి సీజన్లలో ఇంటివాళ్ళు నేలమాళిగను సర్ది ఆమెకు రాసుకునే చోటు ఏర్పాటు చేశారు, అక్కడే కూర్చుని అందరూ నిద్రపోయాక ఈ కథ రాసిందట. తన జీవితంలో నచ్చని వాటిని రాసేటప్పుడు మార్చుకుందట. మనం చూసిన కథలో బెకీ మార్క్‌ను, డార్లీన్ డేవిడ్‌ను చేసుకున్నారు. నిజానికి బెకీ డేవిడ్‌ను, డార్లీన్ మార్క్‌ను చేసుకున్నారట. రచయిత్రికి అలా బాగుండదనిపించి జంటలను తారుమారు చేసిందట. ఆడవాళ్ళను ప్రేమించేది తల్లి బెవ్ కాదట, జాకీ అట. లాటరీ ఎన్నడూ తగలలేదట. ఏడాది క్రితం డాన్‌కు వచ్చిన గుండెపోటు నుంచి అతడు బతికి బయటపడలేదట. ఒక కూలీనాలీ చేసుకునే ఇంటి ఆడదానికి మొగుడు పోతే ఉన్న ఆసరా అంతా ఒక్కసారిగా పోయినట్టేనని, అందుకే అంతులేని డబ్బును ఊహించుకున్నానని, అతడు తనను వదిలి వెళ్ళిపోయిన కోపాన్నే పరాయి స్త్రీ కథగా మార్చుకున్నానని ఆమె చెబుతుంది. నేలమాళిగలోంచి లేచి, చీకటి ఇంట్లో నడిచి, పాత సోఫా మీద ఒంటరిగా కూర్చుంటుంది. పగటిపూట కళ్ళు తెరిచి కలలు కనేవాళ్ళ గురించి ఆంగ్ల రచయిత టీ.ఈ. లారెన్స్ రాసిన వాక్యాలు తెర మీదకి వస్తాయి. అంతటితో ముగుస్తుంది.

ఈ ముగింపును సమర్థించేవాళ్ళు చెప్పే మాట నాకు తెలుసు. లాటరీ సీజన్ అంత కృత్రిమంగా ఎందుకు ఉందో ఇది వివరిస్తుంది, అది దుఃఖంలో ఉన్న మనిషి ఊహ కాబట్టే అలా ఉంది అని అంటారు. ఆ వాదనలో బలముంది. భర్త చనిపోయిన తరువాత ఒక స్త్రీ కాగితం మీద అతణ్ణి ఇంకో ఏడాది బతికించుకుంది అన్న ఆలోచన ఎంత గొప్పదో నేను కాదనను. అంతకంటే గొప్ప ముగింపు ఆలోచన ఏ సిట్‌కామ్‌లోనూ నేను చూడలేదు. ఆ ఆలోచన విన్నప్పుడు ఇప్పటికీ నా గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఆలోచన పేలవమైనదైతే నేను ఇరవై ఏళ్ళు దాని గురించి బాధపడి ఉండేదాన్ని కాదు.

నా బాధ ఏమిటంటే, ఆ మాట విన్నాము, చూడలేదు. ఎనిమిదేళ్ళపాటు ఈ ధారావాహిక ప్రతి కష్టాన్నీ వంటింటి బల్ల దగ్గరికి తెచ్చి, మనుషుల మధ్య పెట్టి, వాళ్ళచేత దాని గురించి కొట్లాడించి, నవ్వించి చూపించింది. జాకీని ఆమె ప్రియుడు ఫిషర్ కొట్టాడని తెలిసినప్పుడు డాన్ ఒక్క మాట మాట్లాడకుండా కోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయే దృశ్యం గుర్తు తెచ్చుకోండి. అక్కడ వ్యాఖ్యానం లేదు, మనకు డాన్ ముఖం ఉంది, తలుపు ఉంది. గుండెపోటు తరువాత కూడా డాన్ పథ్యం పాటించడం లేదని తెలిసి, ఎనిమిదో సీజన్ చివర్లో వాళ్ళిద్దరూ చేతికందినవన్నీ పగలగొట్టుకుంటూ పోట్లాడుకున్న దృశ్యం చూడండి. పెళ్ళయి అంతకాలమైన ఇద్దరు మనుషుల భయం ఎంత కోపంగా బయటపడుతుందో అందులో ఉంది. అలాంటి డాన్ మరణానికి మనకు దొరికింది కొన్ని వాక్యాలు. డార్లీన్ ముఖం మనం చూడలేదు. తన తండ్రి తనకంటే డార్లీన్‌కే ఎక్కువ చనువన్న అసూయను ఎన్నడూ పైకి చెప్పుకోని బెకీ ఏమైందో చూడలేదు. డీజే చిన్నవాడు, వాడికి ఎవరు చెప్పారో తెలియదు. వాళ్ళందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి నవ్విస్తూనే, వాళ్ళ తండ్రి మరణాన్ని వాళ్ళ తలల మీదుగా మనకు చెప్పేశారు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కరికి కూడా ఆ దుఃఖంలో భాగం ఇవ్వలేదు.

ఈ ఎపిసోడ్ పేరు ‘ఇన్‌టు దట్ గుడ్ నైట్’. అది మరణశయ్య మీద ఉన్న తండ్రిని ఉద్దేశించి డిలన్ థామస్ రాసిన ప్రసిద్ధ కవితలోని మాట. నెమ్మదిగా వెళ్ళిపోకు, వెలుగు ఆరిపోవడం మీద తిరగబడు అని కొడుకు తండ్రిని వేడుకునే కవిత అది. ఆ పేరును ఎంచుకున్న ఎపిసోడ్‌లో డాన్ ఎంత నెమ్మదిగా వెళ్ళిపోయాడో చూస్తే నాకు దిగులేస్తుంది. అతడు తిరగబడలేదు, ఒక్క మాట అనలేదు, తాను చనిపోయానన్న సంగతి కూడా అతడికి తెలియదు. బల్ల దగ్గర కూర్చుని భోజనం చేస్తూ ఉండగానే అతడు లేకుండా పోయాడు. తన శత్రువులాంటి తండ్రికి శవపేటిక దగ్గర నిలబడి జాబితా చదివి వినిపించిన రోజాన్, తను ప్రాణంగా ప్రేమించిన మనిషి దగ్గర నిలబడి ఏమి చదివి ఉండేది? ఆ కాగితం మీద ఏముండేది? దాన్ని రాయగల రచయితలు ఆ గదిలో ఉన్నారు, పలకగల నటి ఉంది, ఎదురుగా మౌనంగా పడుకున్నా మెప్పించగల జాన్ గుడ్‌మన్ ఉన్నాడు.

రెండో బాధ జంటల మార్పు గురించి. చాలామంది దీన్ని ఒక చమత్కారంగా తీసుకుని వదిలేస్తారు, నాకు మాత్రం ఇది చిన్న విషయంగా తోచదు. బెకీ పదిహేడేళ్ళ వయసులో మార్క్‌తో వెళ్ళిపోయి పెళ్ళి చేసుకున్నందువల్లనే డాన్ ఆ బిడ్డతో మాట్లాడలేక, ఫోన్ మోగితే పక్కకు తప్పుకుంటూ అంత నలిగిపోయాడు. తల్లి పెట్టే హింస భరించలేని డేవిడ్‌ను రోజాన్ తన ఇంటికి తెచ్చి పెట్టుకోవడం, ఆ పిల్లవాడు డార్లీన్ ముందు ఎప్పుడూ సగం భయంతో, సగం ఆరాధనతో నిలబడడం, ఇవన్నీ ఏళ్ళ తరబడి మన కళ్ళ ముందు పెరిగిన సంగతులు. అవి అలా జరగలేదని ఒక్క వాక్యంలో చెబితే వాటి స్థానంలో ఏం జరిగిందో కూడా మనకు తెలియదు. డార్లీన్ మార్క్‌తో ఎలా ఉండేది? డాన్ అప్పుడు ఎవరిమీద అలిగాడు? ఉన్న ఇల్లు కూల్చారు, దాని స్థానంలో గుడిసె కూడా వేయలేదు. జాకీ విషయం మరీ కష్టం. లియాన్, నాన్సీ వంటి పాత్రల ద్వారా స్వలింగ ప్రేమికుల జీవితాలను అమెరికన్ టెలివిజన్ ఇంకా భయపడుతున్న రోజుల్లోనే ధైర్యంగా చూపిన ధారావాహిక ఇది. జాకీ నిజంగా అలాంటి స్త్రీ అయితే, ఆ జీవితం ఆమెకు తెర మీద దక్కాలి. ఒక పక్క ఆ జీవితం ఆమెకు చూపలేదు, ఇంకో పక్క ఫిషర్ చేతిలో తిన్న దెబ్బలు, ఫ్రెడ్‌తో పెళ్ళి, కొడుకు ఆండీ, ఇవన్నీ ఎంతవరకు ఆమెవో తెలియని స్థితిలో ఆమెను వదిలేశారు.

దీని వెనుక ఇంకో సంగతి ఉందని నాకు అనిపిస్తుంది. ఈ ధారావాహికకు మూలం వేదికల మీద రోజాన్ బార్ చేసిన ఇల్లాలి హాస్యం. అయినా సృష్టికర్తగా తెర మీద పేరు పడింది మాట్ విలియమ్స్‌ది. ఆ విషయమై వారిద్దరికీ తీవ్రమైన విభేదాలు వచ్చి, మొదటి సీజన్ నడుస్తుండగానే ఆయన వెళ్ళిపోయారు. ఆ గాయం ఆమెకు ఎంత లోతుగా తగిలిందో తరువాతి ఏళ్ళలో ఆమె స్వయంగా రాశారు. తన జీవితం మీద తన పేరు లేకపోవడం ఏ స్త్రీకైనా సహించరానిదే. చివరి ఎపిసోడ్‌లో రోజాన్ కానర్ నేలమాళిగలో కూర్చుని ఇదంతా నేను రాసిందే అన్నప్పుడు, అందులో రోజాన్ బార్ గొంతు కూడా నాకు వినబడుతుంది. ఆ హక్కు ఆమెదేనని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఆ హక్కును స్థాపించుకోవడంలో ఒక పెద్ద నష్టం జరిగింది. కానర్ల ఇంటి అందమంతా అక్కడ ఎవరూ రోజాన్ చెప్పినట్టు వినకపోవడంలోనే ఉంది. డార్లీన్ తల్లి మాటకు ఎదురు చెబుతుంది. రెండో సీజన్‌లో బడిలో తన కవిత చదవమని తల్లి బలవంతం చేస్తే, ఆ బలవంతం గురించే కవిత మొదటి పంక్తుల్లో రాసి చదివేస్తుంది. జాకీ సలహా అడుగుతుంది, వినదు. డాన్ ‘సరే’ అని తల ఊపి తనకు తోచింది చేస్తాడు. వాళ్ళందరూ ఆమె కలం నుంచి పుట్టినవాళ్ళే అని చెప్పిన క్షణాన ఆ ఎదురు మాటలన్నీ ఒక్క మనిషి తనలో తాను మాట్లాడుకున్నవిగా మారిపోయాయి. ఇంటినిండా ఉన్న మనుషుల్లో చివరికి ఒక్కరే మిగిలారు. సోఫా మీద ఆమె ఒంటరిగా కూర్చున్న ఆ చివరి దృశ్యం నన్ను అంత కలవరపెట్టేది అందుకే.

2018 మార్చి 27న ఈ ధారావాహిక మళ్ళీ మొదలైనప్పుడు మొదటి నిమిషాల్లోనే డాన్ బతికి ఉన్నాడని చూపించారు. రోజాన్ అతణ్ణి నిద్రలేపుతూ చచ్చిపోయావనుకున్నానంటుంది, అందరూ ఎప్పుడూ నేను చచ్చిపోయాననే ఎందుకనుకుంటారని అతడు విసుక్కుంటాడు. ఆ రాత్రి అమెరికాలో కోటీ 80 లక్షలమందికి పైగా అది చూశారు. డార్లీన్ మళ్ళీ డేవిడ్ భార్యే, బెకీ మార్క్ విధవే. మార్క్‌గా నటించిన గ్లెన్ క్విన్ 2002లోనే చనిపోయారు. చివరి ఎపిసోడ్‌లో చెప్పినవేవీ తీసినవాళ్ళే నిలబెట్టుకోలేదు. నాకు సంతోషమే కలిగింది, డాన్‌ను చూసి కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. బరాక్ ఒబామాకు సలహాదారుగా పనిచేసిన వాలరీ జారెట్ గురించి రోజాన్ బార్ చేసిన జాతివివక్షతో కూడిన ట్వీట్ కారణంగా మే 29న ఏబీసీ ధారావాహికను రద్దు చేసింది. ఆ నిర్ణయం సరైనదే. అదే ఏడాది అక్టోబర్‌లో రోజాన్ లేకుండా ‘ద కానర్స్’ పేరుతో మిగిలిన కుటుంబం కథ మొదలైంది. నొప్పి మాత్రలకు అలవాటుపడి రోజాన్ చనిపోయిందని అందులో చెప్పారు.

ఒక ముఖ్యమైన పాత్ర తెర వెనుకే చనిపోవడం ఈ ఇంట్లో అది రెండోసారి. కానీ ఈసారి మిగిలినవాళ్ళకు దుఃఖించే హక్కు ఇచ్చారు. జాకీ అక్క వంటింటిని సర్దుతూ ఉంటుంది, డాన్ మందులు ఎవరిచ్చారని కోపంతో తిరుగుతాడు. ఏడు సీజన్ల తరువాత 2025 ఏప్రిల్ 23న అది ముగిసినప్పుడు అందరూ రోజాన్ సమాధి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. తరువాత అందరూ ఒక్కొక్కరుగా వెళ్ళిపోయాక డాన్ ఆ సోఫా మీద కూర్చుని, నేరుగా మనవైపు చూసి ‘గుడ్ నైట్’ అన్నాడు. 1997లో ఆ సోఫా మీద ఒంటరిగా కూర్చున్నది రోజాన్, 28 ఏళ్ళ తరువాత కూర్చున్నది డాన్. అప్పటి ఎపిసోడ్ పేరులో ఉండి ఎవరి నోటా రాని ఆ మాటను చివరికి డాన్ పలికాడు. రోజాన్‌కు దొరికిన ఆ సమాధి, దాని చుట్టూ నిలబడిన ఆ మనుషులు 1997లో డాన్‌కు దొరికి ఉంటే నాకు చాలు.

గత వారం ఆ పాత ఎపిసోడ్ చూసి పడుకోబోతూ, అందులో లేని ఒక దృశ్యాన్ని నేను ఊహించుకున్నాను. డాన్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రాత్రి. తెల్లవారింది. రోజాన్ వంటింటి బల్ల దగ్గర కదలకుండా కూర్చుని ఉంది. ఊళ్ళో అందరికీ కబురు చెప్పాలి. జాకీ లేచి గోడకున్న ఫోన్ దగ్గరికి వెళ్ళింది, ఐదో సీజన్‌లో నిలబడిన చోటే నిలబడింది, అవతల అదే వినపడని పెద్దావిడ ఎత్తింది. ఆ రోజు జాకీ ఏమని చెప్పి ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పవలసి వచ్చి ఉంటుంది, పక్కనే కూర్చున్న అక్క అది వింటూ ఎటు చూసి ఉంటుంది.